జాకెట్టు

ఎంక్వైరీ సారు కాగితం చేతికిచ్చి
"ప్రమాదానికి కారణం" అన్న తావ రాయమన్నాడు.
ఒక్క గీతే ఉండాది అక్కడ,
నా చిటికెన వేలంత.

మైలవరం డ్యాం కాడ
టికెట్ల గూట్లో కూచునేది నేను, ఓబుళమ్మని.
ఆరేండ్లాయ.
జాకెట్లిచ్చేదీ, తడిసినవి దండెమ్మీద ఆరేసేదీ,
తెగిన పట్టీలకు దబ్బనంతో కుట్లేసేదీ నేనే.

ఆ పొద్దు ఆదివారం.
ప్రొద్దుటూరు బంగారంగళ్ళ గుమాస్తాలు
పెండ్లాం పిల్లోళ్ళతో మూడాటోల్లో దిగినారు.
ఒకాయనకు పదహారో నంబరు ఇస్తే
(సుదర్శనమని పేరు తర్వాత తెలిసింది)
అటూ ఇటూ తిప్పి చూసి
"మొగోళ్ళకు జాకెట్టేందక్కా,
కొల్తలన్నా తీసుకోకుండా కుట్టిచ్చినావే!" అన్నాడు.
అందరూ నవ్వినారు.
నేనూ నవ్వినా.
ఆ నవ్వు రాయాలంటే
నీ గీత చాలదు సారూ.

బోర్డుమీద పన్నెండు మంది అని రాసుండాది.
ఎక్కింది పదిహేడు.
పిల్లోళ్ళు లెక్కలోకి రారని కాంట్రాక్టరు మాట.
నీళ్ళకు అర టికెట్టు తెలీదు.

ఎప్పుడూ బోటు తోలేది కుళ్ళాయప్ప.
డ్యాం కింద మునిగింది ఆయప్ప ఊరే.
ఏ మిద్దె యాడుండాదో,
నీళ్ళు తగ్గితే ఏ మొండిగోడ ముందు తలెత్తుతాదో
కండ్లు మూసుకుని చెప్తాడు.
ఆ వారం ఆయప్పకు జ్వరం.
తోలినోడు ఇమ్రానని కొత్త పిల్లోడు.
ట్రాక్టరు బాగా తోలతాడు,
అందుకే పిలిచినారు.
నీళ్ళమీద బ్రేకు ఉండదని
వానికెవురూ చెప్పలా.

పడమటి గాలి పొద్దున్నించే
దండెమ్మీది జాకెట్లను ఈడ్చి ఈడ్చి కొడతానే ఉండె.
చూసినా.
గూట్లోంచి లేచి చెప్పలా.

నడిమధ్యన ఎవురో "కొంగలు, కొంగలు" అన్నారంట.
అంతమందీ, అన్ని ఫోన్లూ
ఎడమపక్కకే.
ఇంజను ఫ్యాను గోడకు తగిలి ఆగిపోయ.
అదే గడియకు గాలి.
కొంగలు మాత్రం ఎగిరిపోయినాయి.

రెండో బోటు ఆత్రంగా దగ్గరికి పోతే
అంచు పట్టుకుని యాలాడుతున్న ఒకామె మూడు వేళ్ళు
ఆ బోటుకూ ఈ బోటుకూ నడాన నలిగినాయి.
కాపాడే దానికి కూడా ఒక నిదానం ఉండల్ల.

సుదర్శనం జాకెట్టు వేసుకోలా.
పలక గట్టిగుండాదని
మెత్తగా కింద పరుచుకుని కూచున్నాడంట.
అది తేలింది.
ఎంత బాగా తేలిందంటే
అలల మీద ఊగుకుంటా ఒడ్డుకొచ్చి
నా గూటి ముందర మెట్టుకు తగులుకుని ఆగింది.
పదహారు.
నేనేసిన కుట్టు వేసినట్టే ఉండాది.
ఆయప్పను సాయంత్రం తీసినారు.

సారూ, మా సీమలో నీళ్ళంటే
రాకపోవడమే భయం.
వాన రాదు, కాలవ రాదు, ట్యాంకరు రాదు.
వచ్చిన నీళ్ళను చూసి భయపడేది
మాకెవురూ నేర్పలా.
ఈత నేర్చుకోవాలన్నా
బాయిలో రొంత నీళ్ళుండల్ల గదా.

సారు గడియారం చూసుకున్నాడు.
"గాలి అని రాయమ్మా, అందరూ అదే రాస్తారు."
నేను పెన్ను పట్టుకుని ఉంటే
తనే రాసుకున్నాడు.
గాలి ఎదురు మాట్లాడదు గదా.
కింద సంతకం పెట్టమంటే పెట్టినా.
ఉద్యోగం నాది.

పదహారును పోలీసులు తీసకపోయినారు.
పదిహేనుకూ పదిహేడుకూ నడాన
కొక్కెం ఉత్తదే ఉండాది,
కొత్తది తగిలించబుద్ధి కాలా.

నెల తర్వాత మళ్ళీ బోట్లు ఇడిసినారు.
ఎర్రగుంట్లాయనకు పదిహేడిస్తే
"జాకెట్టేందక్కా..." అని నోరు తెరిచినాడు.
నేను నవ్వలా.
గూటి తలుపు తీసుకుని బయటికొచ్చి
పరాయి మొగోడని చూడకుండా
దగ్గరికి పోయి, నడుం చుట్టూ పట్టీ తిప్పి
బిగించినా.
"ఊపిరాడలేదక్కా" అన్నాడు.
ఇంకో రవ్వ బిగించినా.